వీపు కొలవకుండా బ్యాగ్ కొనమని చెప్పకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో, కొండల్లో నడకలకి వెళ్లేవాళ్లు ఎలాంటి బ్యాగ్ కొనుక్కోవాలో చెబుతూ మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మధ్యలో ఏదో పేరా వదిలేశానేమోనని అనుమానం వచ్చి రెండోసారి చదవాల్సి వచ్చింది. వదల్లేదు. జేబులెన్ని ఉండాలో ఉంది, ఫోన్ ఛార్జింగ్ వైరు బయటికి రావడానికి రంధ్రం ఉండాలని ఉంది, ఏ రంగు ఫొటోల్లో బాగా పడుతుందో ఉంది, ఎన్ని రోజుల నడకకి ఎన్ని లీటర్లు పట్టే బ్యాగ్ కావాలో ఒక పట్టిక కూడా ఉంది. ఆ బ్యాగ్ మోయాల్సిన వీపు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. చెప్పుల గురించి పేజీ నిండా రాసి పాదం సైజు సంగతి ఎత్తనట్టుంది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగ్గానే వస్తుంది, చోటు చాలకపోతే ఎక్కడైనా కత్తిరించుకోండి కానీ కొలత ఎలా తీసుకోవాలో రాసిన భాగం జోలికి మాత్రం వెళ్లొద్దు.

నేనేం నిపుణురాలిని కాదు, బ్యాగులు అమ్మేవాళ్లతో నాకు చుట్టరికమూ లేదు. పాతికేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా నడుస్తుంటాను. ఎక్కువ భాగం పొద్దున వెళ్లి చీకటి పడేలోపు తిరిగొచ్చే నడకలే, ఏడాదికి మూడో నాలుగో రాత్రిళ్లు మాత్రం బయట పడుకునేవి. మీ వ్యాసం చదివి బ్యాగ్ కొందామనుకునేవాళ్లలో సగం మందికి పైగా ఇదే బాపతు అయ్యుంటారని నా ఊహ. నెలల తరబడి నడిచేవాళ్లకి మీ సలహా అక్కర్లేదు, నా సలహా అసలే అక్కర్లేదు.

నేను మొదట కొన్నది 65 లీటర్ల బ్యాగ్. ఎప్పటికైనా వారం రోజుల నడక ఒకటి చేస్తాను కదా, అప్పుడు మళ్లీ ఇంకోటి కొనడం దేనికి, పెద్దదే తీసుకుంటే అన్నిటికీ పనికొస్తుంది అనుకున్నాను. ఆ వారం రోజుల నడక ఇంతవరకూ రాలేదు. వచ్చినవన్నీ ఆరేడు గంటలవి, వాటికి నేను పట్టుకెళ్లేది రెండు సీసాల నీళ్లు, తినడానికి ఏదో కాస్త, ఒక వాన కోటు, ఒక స్వెటర్. ఇవన్నీ ఆ బ్యాగ్ అడుగున ఒక మూలకి చేరి, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతూ నన్ను వెనక్కి లాగేవి. ఖాళీ సంచే రెండు కిలోల పైన తూగేది, అంటే కొన్నిసార్లు సామాను కన్నా సంచి బరువే ఎక్కువ. పోనీ చోటుంది కదా అని ఇంకేదైనా పెడదామా అనిపించేది, పెట్టేదాన్ని కూడా. ఖాళీ జాగా ఉన్న బ్యాగుకి ఉన్న గుణం అదే, "ఇది కూడా వేసెయ్యి" అని పిలుస్తూ ఉంటుంది. ఒకసారి సగం రోజు నడకకి ఒక లావుపాటి పుస్తకం మోసుకెళ్లి, తెరవకుండానే వెనక్కి తెచ్చాను.

ఆ తర్వాత మావారి బ్యాగ్ వాడాను. అది 42 లీటర్లది, మంచిదే, ఆయనకి దానితో ఏనాడూ ఇబ్బంది లేదు. నేను వేసుకుంటే మాత్రం నడుం బెల్టు తుంటి ఎముకల కిందికి జారిపోయి తొడల మీద కొట్టుకునేది. సరే అని బెల్టు పైకి లాగి బిగిస్తే, భుజాల పట్టీలు భుజాన్ని తాకకుండా పైకి లేచేవి. ఏదో ఒకటి వదులుకోవాలి కాబట్టి బెల్టు వదిలేసి బరువంతా భుజాల మీదే వేసుకుని, ఒక రాత్రి బయట పడుకునే నడకకి వెళ్లాను. మర్నాడు మధ్యాహ్నానికి రెండు చేతుల వేళ్లూ తిమ్మిరెక్కాయి, సీసా మూత తిప్పడానికి కూడా పట్టు చిక్కలేదు. "నీకు అలవాటు లేదు, రెండుసార్లు వెళ్తే అదే సర్దుకుంటుంది" అన్నారు మావారు. నేనూ నిజమే కాబోలు అనుకున్నాను. సర్దుకోవడానికి అది అలవాటు సమస్య కాదండీ, ఆయన వీపు నా వీపు కన్నా పది సెంటీమీటర్లు పొడుగు! ఆ ముక్క మా ఇద్దరికీ తెలియడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఇక కొలత సంగతి. దర్జీ వాడే టేపు ఒకటి, పట్టుకోవడానికి ఇంకో మనిషి, అంతే కావాల్సింది. తల బాగా ముందుకి వంచితే మెడ వెనక, మెడా వీపూ కలిసే చోట, ఒక ఎముక ఉబ్బుగా చేతికి తగులుతుంది. డాక్టర్లు సీ7 అనే వెన్నుపూస అది. టేపు మొదలు అక్కడ పెట్టాలి. కింద ఎక్కడ ఆపాలో తెలియాలంటే, పోట్లాటకి దిగేవాళ్లలాగా రెండు చేతులూ నడుం మీద పెట్టుకోండి, బొటనవేళ్లు వెనక్కి, మిగతా వేళ్లు ముందుకి. చేతుల కింద తుంటి ఎముక పై అంచు గట్టిగా తగలాలి, మెత్తగా ఉందంటే ఇంకా కిందికి దిగాలి. మనలో చాలామంది నడుం అనుకునే చోటు నిజానికి పొట్ట, ప్యాంటు బొత్తాం ఉన్నచోటుని నమ్మకండి. ఇప్పుడు రెండు బొటనవేళ్లనీ కలుపుతూ వెన్ను మీద ఒక అడ్డగీత ఉందనుకుని, మెడ దగ్గర ఎముక నుంచి ఆ గీత దాకా, వెన్ను వంపు ఎలా పోతే టేపు అలా పోనిచ్చి కొలవాలి. ఆ వచ్చిందే మీ సైజు. నాది 41 సెంటీమీటర్లు, మావారిది 51.

బ్యాగులు చేసేవాళ్లు చాలామంది చిన్నది, మధ్యది, పెద్దది అని సైజులు పెట్టేది ఈ కొలతని బట్టే, మోసే సామానుని బట్టి కాదు. కొందరు వీపుకి ఆనే భాగాన్ని పైకీ కిందికీ జరుపుకునేలా చేస్తారు, ఇంట్లో ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి వాడుకునేట్టయితే అలాంటిదే మేలు, బరువు ఓ పిసరు ఎక్కువైనా సరే. ఒకరి మధ్య సైజు ఇంకొకరి చిన్న సైజుకి సమానం అవుతూ ఉంటుంది కాబట్టి అక్షరం చూసి కొనకుండా సెంటీమీటర్లు చూసి కొనాలి. ఇంకో మాట, మనిషి ఎత్తు చూసి వీపు పొడవు చెప్పలేం. మా చెల్లెలూ నేనూ పక్కపక్కన నిలబడితే ఒకే ఎత్తు, కూర్చుంటే తను నాకన్నా పొడుగు. తన వీపు 46 వచ్చింది. ఒకే ఎత్తు కదా అని ఇద్దరికీ ఒకే సైజు బ్యాగ్ కొంటే మా ఇద్దరిలో ఒకరికి వేళ్లు తిమ్మిరెక్కడం ఖాయం.

వీపు పొడవు గురించి ఇంతలా ఎందుకు గోల పెడుతున్నానంటే, బరువు మోయాల్సింది భుజాలతో కాదు, తుంటితో. భుజాల మీద వేలాడదీస్తే మెడ కండరాలు బిగుసుకుపోతాయి, చేతుల్లోకి వెళ్లే నరాలు పట్టీల కింద నలుగుతాయి. నాకు అయింది అదే. అదే బరువు తుంటి ఎముకల మీద కూర్చుంటే నేరుగా కాళ్లలోకి దిగుతుంది, ఒంట్లో అన్నిటికన్నా బలమైన కండరాలు ఉన్నది అక్కడే కదా. ఇది కొత్త సంగతేం కాదు. స్వీడన్‌లో ఓకె నార్డిన్ అనే కుర్రాడు 1950లో, 14 ఏళ్ల వయసులో, మెత్తని సంచి మోసి మోసి విసుగొచ్చి చెక్కతో ఒక చట్రం కట్టుకుని సంచిని దానికి తగిలించాడు, తర్వాత పెద్దయ్యాక ఫియెల్‌రావెన్ అనే కంపెనీ పెట్టింది ఆయనే. అమెరికాలో డిక్ కెల్టీ 1952లో అల్యూమినియం చట్రాల బ్యాగులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఒకసారి కొండల్లో నడుస్తూ చట్రం కింది కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుంటే భుజాలు ఒక్కసారిగా తేలికపడ్డాయనీ, నడుం బెల్టు ఆలోచన అక్కడే పుట్టిందనీ చెబుతారు. నాకు ఈ కథ చాలా ఇష్టం, ఎందుకంటే మావారి బ్యాగ్ మోసిన రోజు నేనూ ప్యాంటు జేబుల్లో ఏదో ఒకటి దోపుకునే పరిస్థితిలోనే ఉన్నాను.

ఇక్కడే ఇంకో మోసం ఉంది. బెల్టు ఉంటే చాలు అనుకుంటాం, కానీ వీపు వైపు గట్టి పలకో, కడ్డీలో, చట్రమో ఏదో ఒకటి లేకపోతే ఆ బెల్టు ఊరికే అలంకారం. బెల్టు కింద నుంచి ఎత్తి పట్టిన బరువుని పైదాకా నిలబెట్టడానికి మధ్యలో గట్టిది ఏదో ఉండాలి, లేకపోతే సంచి బస్తాలాగా మధ్యలో మడతపడి కూలబడుతుంది, బరువు మళ్లీ భుజాల మీదకే వస్తుంది. కొనేముందు బ్యాగుని నేల మీద నిలబెట్టి, పైనుంచి అరచేత్తో నొక్కి చూడండి. నలిగి కుప్పకూలితే అది నాలుగైదు కిలోల వరకే. అందులో తప్పేం లేదు, పగటి నడకకి 18, 20 లీటర్ల మెత్తని బ్యాగ్ హాయిగా సరిపోతుంది, దాని సన్నని నడుం పట్టీ బరువు మోయడానికి కాదు, దిగేటప్పుడు సంచి ఊగకుండా ఉండటానికి. రాత్రి సామాను ఎక్కించినప్పుడే చట్రం కావాలి.

వేసుకోవడానికీ ఒక వరస ఉంది. ముందు పట్టీలన్నీ వదులు చెయ్యాలి. బ్యాగ్ భుజానేసుకుని, బెల్టుని తుంటి ఎముకల పై అంచు దాని వెడల్పుకి సరిగ్గా మధ్యకి వచ్చేలా పెట్టి మొదట అదే బిగించాలి. తర్వాత భుజాల పట్టీలు, భుజానికి అతుక్కునేదాకా, అంతకు మించి వద్దు. ఆ తర్వాత భుజాల పైనుంచి బ్యాగ్ పై అంచుకి వెళ్లే చిన్న పట్టీలు ఉంటాయి, పెద్ద బ్యాగులకే ఉంటాయి, అవి సుమారు 45 డిగ్రీల వాలులో ఉండాలి, వాటిని కొద్దిగా లాగితే బ్యాగ్ వెనక్కి పడిపోకుండా మనవైపు వాలుతుంది. చివరగా గుండెల మీది పట్టీ, కాలర్ బోన్ కింద రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో, ఊపిరి ఆడేటంత వదులుగా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, భుజాలు బాగా బిగించేసి ఆఖరున బెల్టు పెట్టుకుంటారు. అప్పుడు బెల్టు బిగించినా దాని మీదకి వచ్చే బరువంటూ ఏమీ మిగలదు.

లీటర్ల సంగతికి వస్తాను. లీటర్లు చూడొద్దని నేను అనడం లేదు, కానీ మీరు రాసినంత నమ్మకంగా వాటిని నమ్మడానికి లేదు. బ్యాగ్ ఎంత పడుతుందో కొలవడానికి ఒక ప్రామాణిక పద్ధతి ఉంది, 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీలు లోపల పోసి అవి ఎంత పట్టాయో లెక్క కడతారు. కానీ అందరూ దాన్నే పాటించరు, పైగా బయటి జేబుల్నీ పై మూతనీ కలిపి చెప్పేవాళ్లు కొందరు, పెద్ద సంచి ఒక్కటే చెప్పేవాళ్లు కొందరు. అందుకే రెండు కంపెనీల 30 లీటర్లు పక్కపక్కన పెడితే ఒకటి ఇంకోదాన్ని మింగేసేలా ఉంటుంది. ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటుంది. మీరు రాత్రి నడకకి నిజంగా పట్టుకెళ్లే సామానంతా, నీళ్ల సీసాలతో సహా, ఒక అట్టపెట్టెలో సర్దండి, కుక్కకండి, మామూలుగా సర్దండి. ఎంత ఎత్తు వచ్చిందో చూసి పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి వెయ్యితో భాగించండి. 40, 30, 25 వచ్చాయనుకోండి, 30 లీటర్లు. దానికి ఇంకో మూడు నాలుగు లీటర్లు కలుపుకోండి, ఎందుకంటే తిరుగు ప్రయాణంలో తడిబట్టలు వచ్చినంత బుద్ధిగా మడతపడవు.

ఇలా చేస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. "ఒక రాత్రి" అనే మాటకి రెండు అర్థాలున్నాయి. మంచం, దుప్పటీ ఉన్న కప్పు కింద పడుకునేట్టయితే పగటి సామానుకి ఒక జత బట్టలూ ఒక పళ్లపొడి పొట్లం అంత తేడా, 28 నుంచి 32 లీటర్లు బ్రహ్మాండంగా సరిపోతుంది. డేరా, స్లీపింగ్ బ్యాగ్, కింద పరుచుకునే చాప, స్టవ్వు మనమే మోసేట్టయితే 45 పైన కావాలి, స్లీపింగ్ బ్యాగ్ ఒక్కటే ఎనిమిది పది లీటర్లు ఆక్రమించేస్తుంది. మీ పట్టికలో ఈ రెండూ ఒకే గడిలో వేసి "1-2 రాత్రులు: 50 లీటర్లు" అని రాశారు. అది చదివి, రాత్రి గదిలో పడుకునే మనిషి 50 లీటర్లది కొంటే, నా 65 లీటర్ల కథే మళ్లీ మొదలు.

అన్నిటికీ ఒకటే బ్యాగా, రెండు బ్యాగులా అన్న దాని మీద మా ఇంట్లో ఏళ్లుగా తగువు నడుస్తోంది. మావారు రెండు ఉండాలంటారు. నాకైతే, రాత్రిళ్లు కప్పు కిందే గడిపేవాళ్లకి చట్రం ఉన్న 32 నుంచి 36 లీటర్ల బ్యాగ్ ఒకటి చాలనిపిస్తుంది, కాకపోతే పక్కల నొక్కిపెట్టే పట్టీలు ఉండి తీరాలి, పగటి పూట వాటిని లాగి బిగిస్తే సంచి చదునై సామాను వీపుకి అంటుకుని ఉంటుంది. ఖాళీ బరువు కిలోంపావు దాటకపోతే పగటి నడకకీ భారం అనిపించదు. డేరా మోసేవాళ్లకి మాత్రం మావారి మాటే రైటు, అటూ ఇటూ కాని 40 లీటర్లది కొంటే పగలు పెద్దది, రాత్రికి చిన్నది. ఏడాదికి ఒక్కసారే డేరా వేసేట్టయితే పెద్ద బ్యాగ్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి, కాకపోతే మీ వీపు సైజు ఉన్న స్నేహితుణ్ని వెతుక్కోవాలి!

బరువుకి ఒక పాత లెక్క ఉంది, పగటి నడకకి ఒంటి బరువులో పదో వంతు, రాత్రి నడకకి అయిదో వంతు దాటకుండా చూసుకోమంటారు. 60 కిలోల మనిషికి ఆరు, పన్నెండు. ఇది గీత గీసిన సూత్రమేం కాదు, మోకాళ్లు ఎలా ఉన్నాయో వాటిని అడిగే తేల్చుకోవాలి. కానీ లీటరు నీళ్లు అంటే కిలో అని గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా సామాను విషయంలో బుద్ధి దానంతటదే వస్తుంది.

వాన గురించి మీరు "వాటర్‌ప్రూఫ్ బ్యాగ్ తీసుకోండి" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. బట్ట నీళ్లు ఆపుతుందేమో కానీ కుట్లు ఆపవు, జిప్పులు ఆపవు. కుట్లకి లోపల టేపు వేసి, పై భాగం చుట్టి మూసేలా చేసినవి తప్ప మామూలు బ్యాగ్ ఏదైనా గంట వానకి లోపల తడుస్తుంది. పైన తొడిగే కవర్ ఇస్తారు కదా అంటారా, అది వీపు వైపు ఉండదు, మెడ మీద నుంచి జారిన నీళ్లన్నీ అటునుంచి లోపలికి వెళ్తాయి. నా కవర్ ఒకసారి శిఖరం దగ్గర గాలికి ఊడి, గాలిపటంలాగా లేచి లోయలోకి వెళ్లిపోయింది. చెత్త పారేశానన్న బాధ ఒకటి, స్లీపింగ్ బ్యాగ్ తడిసిందన్న బాధ ఇంకోటి. అప్పటినుంచి బ్యాగ్ లోపల ఒక మందపాటి పెద్ద ప్లాస్టిక్ సంచి వేసి, సామానంతా అందులో పెట్టి, మూతి మెలితిప్పి మడిచేస్తున్నాను. ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు నేను చూడలేదు.

నీళ్లు ఆగడానికి బట్ట లోపలి వైపు వేసే పూత సంగతి కూడా చెప్పాలి. పాలీయురేథేన్ అంటారు. తేమ తగిలే చోట ఏళ్ల తరబడి మూసిపెడితే అది విడిపోయి, జిగురుగా తయారై, ఒక రకమైన పుల్లటి కంపు కొడుతుంది. నా 65 లీటర్ల బ్యాగుకి చివరికి అదే గతి పట్టింది, అటక మీద నుంచి దించితే లోపల పొలుసులు రాలాయి. వాడకుండా దాచుకున్నందుకు పాడైందన్నమాట. నడక నుంచి రాగానే జేబులన్నీ తెరిచి నీడలో ఆరబెట్టి, ఆరాకే లోపల పెట్టాలి. వాషింగ్ మెషీన్‌లో వెయ్యొద్దు, చెమట ఉప్పు చేరిన పట్టీలని మాత్రం మామూలు నీళ్లతో, కొద్దిపాటి సబ్బుతో చేత్తో కడిగితే చాలు.

బట్ట మీద 210డి, 420డి అని ఉంటుంది, డెనియర్ అని దాని అర్థం. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే దారం లావు అని మాత్రమే అర్థం, బట్ట అంతకంత మంచిదని కాదు, నేత ఎంత దగ్గరగా ఉంది, దారం నైలానా పాలిస్టరా అన్నది కూడా చూడాలి. రాళ్లకి రాసుకుంటే నైలాన్ ఎక్కువ ఓర్చుకుంటుంది, ఎండకి పాలిస్టర్ ఎక్కువ ఓర్చుకుంటుంది. మనలాంటి వాళ్లకి 210 చుట్టుపక్కల నైలాన్ చాలు, అడుగు భాగం మాత్రం ఇంకాస్త లావుగా ఉంటే మంచిది, ఎందుకంటే ఎంత ఖరీదైన బ్యాగునైనా మనం చివరికి రాయి మీద ధబేల్‌మని పడేసేవాళ్లమే.

వీపుకీ బ్యాగుకీ మధ్య గాలి ఆడేలా వలతో చేసినవి ఉంటాయి. చెమట తగ్గుతుంది, నిజమే. దానికి బదులుగా బరువు వీపు నుంచి కొంచెం దూరం జరుగుతుంది, లోపలి భాగం వంపు తిరిగి ఉండటం వల్ల సర్దడం కష్టమవుతుంది. పగటి నడకకి నేను వలదే ఎంచుకుంటాను, బరువు ఎక్కువైతే వీపుకి అతుక్కునేదే.

చిన్న చిన్నవి ఇంకొన్ని. పక్క జేబులో సీసా, బ్యాగ్ దించకుండా మన చేతికి అందాలి, దుకాణంలోనే సీసా పెట్టి తీసి మళ్లీ పెట్టి చూడండి, తీయడం కన్నా తిరిగి పెట్టడమే కష్టం. బెల్టు మీద చిన్న జేబు ఒకటైనా ఉండాలి. జేబులు మరీ ఎక్కువైతే టార్చి ఎక్కడ పెట్టామో వెతకడానికి ఇంకో టార్చి కావాల్సొస్తుంది. బకిల్ కుట్టేసి కాకుండా విడిగా మార్చుకునేలా ఉంటే అదృష్టం. ఒకసారి నా బెల్టు బకిల్ కారు తలుపులో పడి నలిగితే, ఆ చేసిన కంపెనీ విడి భాగం అమ్మం, కొత్త బ్యాగ్ కొనుక్కోండి అంది, బకిల్ కోసం బ్యాగ్! గుండెల మీది పట్టీ బకిల్‌లో చాలావాటికి చిన్న ఈల ఉంటుంది, చాలామంది దాన్ని గమనించనే గమనించరు. ప్రమాదంలో ఉన్నామని చెప్పడానికి కొండల్లో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలి. విన్నామని చెప్పేవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఊదుతారు. కొన్న రోజే ఒకసారి ఊది చూడండి, కొన్ని ఈలలు పేరుకే ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన ముక్క, ఖాళీ బ్యాగ్ వేసుకుని అద్దంలో చూసుకోవద్దు. ఖాళీదైతే ఏ బ్యాగైనా బాగానే ఉంటుంది. దుకాణంలో కాగితం కుక్కి ఉబ్బించి పెట్టింది వేసుకుని కూడా లాభం లేదు. ఆరేడు కిలోల బరువు లోపల పెట్టమని అడగండి, వాళ్ల దగ్గర లేకపోతే ఇంటినుంచి నీళ్ల సీసాలు పట్టుకెళ్లండి, సిగ్గు పడాల్సిందేం లేదు. పదిహేను, ఇరవై నిమిషాలు నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి, వంగి బూటు లేసు కట్టుకోండి, తల పైకెత్తి చూడండి, తల వెనక బ్యాగుకి తగిలిందంటే కొండ ఎక్కేటప్పుడు నేల తప్ప ఏమీ కనపడదు. మొదటి అయిదు నిమిషాల్లో తెలియని నొప్పి పదిహేనో నిమిషంలో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఇదే పని ఇంట్లో చెయ్యండి, కానీ వాపసు గడువు లోపల, చీటీలు కత్తిరించకుండా.

ఆడవాళ్ల బ్యాగుల గురించి మీరు "ఆకర్షణీయమైన రంగుల్లో దొరుకుతున్నాయి" అని రాశారు. అయ్యా, తేడా రంగులో లేదు. మంచివాటిలో భుజాల పట్టీలు దగ్గరగా, రొమ్ముకి ఒత్తుకోకుండా ఎస్ అక్షరంలా వంపు తిరిగి ఉంటాయి, బెల్టు ఆడవాళ్ల తుంటి వాలుకి తగ్గట్టు ఏటవాలుగా ఉంటుంది, వీపు పొట్టిగా ఉంటుంది. భుజాలు సన్నగా, వీపు పొట్టిగా ఉన్న మగవాళ్లకి కూడా ఇవే బాగా కుదురుతాయి. మా తమ్ముడు వాడేది అదే, లేబుల్ మాత్రం కత్తిరించేశాడు. అలాగే విశాలమైన భుజాలున్న ఆడవాళ్లు ఈ మాట పట్టుకుని వేలాడక్కర్లేదు, రెండూ వేసుకుని చూసి ఏది కుదిరితే అదే తీసుకోవచ్చు.

ఇక నా విన్నపం ఒకటే. మళ్లీ ఎప్పుడైనా ఈ విషయం వేస్తే రంగుల పట్టిక తీసేసి ఆ చోట్లో వీపు కొలిచే బొమ్మ ఒకటి వేయించండి, మెడ ఎముక ఎక్కడో, తుంటి అంచు ఎక్కడో బాణం గుర్తులతో. దాంతోపాటు ఫొటో కూడా మార్చండి. మీ వ్యాసం పైన కొండ మీద నిలబడి నవ్వుతున్న అమ్మాయిని వేశారు చూడండి, గుండెల మీది పట్టీ మెడ దగ్గర ఉరితాడులా ఉంది, నడుం బెల్టు రెండు కొసలూ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి, అంత పెద్ద బ్యాగూ పాపం ఆ రెండు భుజాల మీదే ఉంది. ఆ నవ్వు చూస్తే బ్యాగులో కాగితం తప్ప ఇంకేమీ లేదని నాకు అనుమానం.

ఇట్లు,
41 సెంటీమీటర్ల వీపున్న మీ పాఠకురాలు